గొంగడితో తుడిచిన మంచు

నా చిన్నప్పుడు మా బోధన్‌లో కూడా మంచు కురిసేదంటే మా మనవలు నవ్వుతారు. వాళ్ళకు మంచంటే సినిమాలో కొండల మీద దూది లాగ కుప్పలు పడేది. మాకు అట్లాంటిది ఎక్కడిది? మాది పుష్యమాసపు మంచు. తెల్లవారుజామున నిజాంసాగర్ కాలువ మీద లేచేది, చెరుకు తోటల్లోంచి మెల్లగా నడిచి వచ్చేది, చక్కెర ఫ్యాక్టరీ ముందు వరసకట్టిన ఎడ్లబండ్లను ఒక్కొక్కటే మింగేసేది. మా ఇంటి అరుగు మీద నిలబడితే బండ్లు కనబడవు, ఎడ్ల మెడల్లో గంటలు మాత్రం వినబడతాయి. గాలిలో చెరుకురసం ఉడికిన వాసన. గడ్డి మీద పడ్డ మంచు పొద్దెక్కే దాకా వెండిపూత పెట్టినట్టు తెల్లగా ఉండేది. నవ్వేవాళ్ళను నవ్వనిచ్చి, ఆ మంచులో నడిచిన ఒక చలికాలం గురించి చెబుతాను.

అవి అరవైల మొదటి సంవత్సరాలు. నాకు తొమ్మిదేళ్ళు. నాకు దూరం ఆనేది కాదు. పలకను ముక్కుకు ఆనించుకుని రాసేదాన్ని. బోర్డు మీద పంతులు ఏం రాసినా సున్నం చల్లినట్టే కనబడేది. ఆడపిల్ల ముఖానికి అద్దాలేమిటని మా అవ్వ కొట్టిపారేసేది. మా వైపు కన్నతల్లిని అవ్వ అని, నాన్నను బాపు అనే పిలుస్తాం. బాపు తమ్ముడు, మా చిన్నబాపు, నాకు గుడ్డికొంగ అని పేరు పెట్టాడు. కాలువ ఒడ్డున మట్టిరంగులో ముడుచుకుని కూర్చునే కొంగ అది. మనిషి బాగా దగ్గరికి పోయేదాకా కదలదు, అందుకని జనం దానికి కళ్ళు లేవనుకుంటారు. చిన్నబాపుకు నేనంటే ప్రేమే. ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలి వచ్చేటప్పుడు నాకోసం ఏదో ఒకటి తెచ్చేవాడు. తెచ్చి, ‘గుడ్డికొంగా, ఇటు రా’ అని వాకిట్లోంచి పిలిచేవాడు. చుట్టాల ముందు అట్లా పిలిస్తే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించేది. ఏడిస్తే ఉన్న చూపు కూడా పోతుందని అవ్వ కసిరేది. అంటే ఏడ్చే సుఖం కూడా లేదన్నమాట.

మా ఇంటి ముందు భాగంలో రోడ్డు మీదికి ఒక మల్గి ఉండేది, దుకాణానికి ఇచ్చిన గది. అందులో కుట్టుమిషన్ పెట్టుకున్న ముసలాయనను పిల్లలమంతా దర్జీ తాత అనేవాళ్ళం. ఆయనది సాయబుల ఇల్లు, మా వెనక గల్లీలోనే. తెల్లటి చిన్న గడ్డం, మెడలో ఎప్పుడూ వేలాడే కొలతల టేపు. ఆయన కళ్ళది నా కళ్ళకు తలకిందులైన కథ. రోడ్డు చివర వచ్చే మనిషి అంగీకి ఎన్ని గుండీలు ఊడిపోయాయో చెప్పేవాడు. చేతిలో ఉన్న సూది బెజ్జం మాత్రం ఆయనకు కనబడేది కాదు. నాకేమో దగ్గరిది ఎంత సన్నమైనా కనబడేది. అందుకని సాయంత్రం బడి నుంచి రాగానే మల్గిలో కూర్చుని డజను సూదులకు దారం ఎక్కించి ఒక గుడ్డకు గుచ్చి పెట్టేదాన్ని. మర్నాడంతా ఆయనకు అవే గడిచేవి.

పొద్దు పొడవకముందు మంచుగడ్డి మీద వట్టి కాళ్ళతో నలభై రోజులు నడిస్తే చూపు పెరుగుతుందని ఆయనకు ఎవరో హకీం చెప్పాడట. ఆ చలికాలం ఆయన మా అవ్వకు ఆ మాట చెప్పి నన్నూ వెంట పంపమన్నాడు. అవ్వ సరేనంది. చూపు పెరిగిందా అని మాత్రం అడగకండి. ఆరో తరగతిలో నా ముక్కు మీద అద్దాలు కూర్చోనే కూర్చున్నాయి, ఇవాళ్టికీ దిగలేదు.

రోజూ కాలువ గట్టెక్కి, చెరుకు తోటల పక్కనుంచి, సాగు చేయక వదిలేసిన ఒక పడావు చెలక దాకా నడిచేవాళ్ళం. మొదటి పది అడుగులు కాళ్ళు తెగిపోయినట్టుండేవి. తర్వాత కాళ్ళున్నాయన్న సంగతే తెలిసేది కాదు. దూరంగా ఉన్నవన్నీ ఆయన నాకు చెప్పేవాడు. టెలిఫోను తీగ మీద పాలపిట్ట రెక్కలు పొంగించుకుని ఎండ కోసం చూస్తోందనేవాడు. నాకు తీగ కూడా కనబడేది కాదు. ఆ పిట్ట ఎగిరినప్పుడు మాత్రం మంచులో నీలంగా ఒక చీర విప్పినట్టయ్యేది, అది నాకూ కనబడేది. లకుముకి పిట్ట నీళ్ళలో పడి లేచిందనేవాడు. కౌజుపిట్టలు చెరుకు వరసల్లోంచి ఒకదాన్నొకటి పిలుచుకుంటుంటే, అవి ఎన్నో గొంతులు లెక్కపెట్టి చెప్పమని నన్ను అడిగేవాడు. ఒకరోజు నక్క ఒకటి చెరుకు నమిలి నమిలి తోక వేలాడేసుకుని ఇంటికి పోతోందన్నాడు. రోజూ అంత తీపి తింటే దానికి పళ్ళు పుచ్చిపోవా తాతా అంటే, గట్టు మీద కూర్చుండిపోయి నవ్వాడు.

గుడ్డికొంగను కూడా ఆయనే చూపించాడు. నా పేరు ఆయనకు తెలుసు, కానీ ఒక్కనాడూ ఆ పేరుతో పిలవలేదు. కాలువ మెట్టు మీద అది మట్టిపెల్ల లాగ కూర్చుని ఉంది. మేము చాలా దగ్గరికి పోయినా కదల్లేదు. ఉన్నట్టుండి దాని మెడ సాగింది, ముక్కున చేప మెరిసింది.

"దానికి కండ్లు లేవంటరు జనం. అది నిజమా కాదా, చేపను అడుగు బేటీ," అన్నాడు.

దూరపువి ఆయన వంతైతే కాళ్ళ దగ్గరివి నా వంతు. గడ్డి మీది మంచును తొక్కుకుంటూ జంతువు పోతే అక్కడ తెలుపు రాలిపోయి నల్లటి జాడ పడుతుంది. అది ఆయనకు మసకగా ఉండేది, నాకు అచ్చు అక్షరం లాగ కనబడేది. నేను వంగి చూసి చెబితే ఆయన తన కుట్టుపని మాటల్లో దానికి పేరు పెట్టేవాడు. నక్క నడిచిన జాడ తిన్నగా ఉంటుంది, మిషన్ కుట్టు. ముంగిసది వంకరటింకర, కొత్తగా నేర్చుకున్న పిల్ల చేతికుట్టు. చెవులపిల్లిది, అంటే కుందేలుది, దుముకుడు నడక కాబట్టి ఇక్కడొకటి అక్కడొకటిగా పడుతుంది. కొలతకు ముందు దూరదూరంగా వేసే కచ్చాకుట్టు అన్నమాట. కొన్నాళ్ళకు ఆయన అడగకముందే చెప్పేదాన్ని. మా ఇద్దరివీ కలిపితే ఒక మనిషికి సరిపడా చూపు అనేవాడు. నా కళ్ళు ఒకరికి పనికొచ్చాయని నేను వినడం అదే మొదలు. ఇంటికి వచ్చేటప్పుడు చలికి వణుకుతూనే గెంతులు వేసేదాన్ని.

ఆ పడావు చెలకలోనే ఒక కచ్చాకుట్టు రోజూ ఒకే చోటికి పోయేది. చెరుకు తోటలోంచి బయలుదేరి, చెలకకు అడ్డంగా సాగి, తుమ్మ చెట్టు అవతల ఒక గడ్డి దుబ్బు దగ్గర ఆగేది. నాలుగో రోజో ఐదో రోజో నేను ఆ జాడ వెంట మోకాళ్ళ మీద పాకుతూ పోయాను. దుబ్బు మొదట్లో గడ్డి ఒత్తుకుని చిన్న గిన్నె లాగ ఉంది. అందులో రెండు పిల్లలు, ఒక్కొక్కటి నా పిడికిలంత. కళ్ళు తెరిచే ఉన్నాయి. చెవులు వీపుకు అంటుకుని ఉన్నాయి. ఊపిరి తప్ప ఏదీ కదలడం లేదు. నేను కూడా ఊపిరి బిగబట్టాను. ముట్టుకోవద్దని, మనిషి వాసన తగిలితే తల్లి బెదురుతుందని దర్జీ తాత చేయి పట్టి వెనక్కి లాగాడు. పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. ఆ వేలుకు అర్థం ఇక్కడ చప్పుడు చేయొద్దనే అనుకున్నాను. ఇంటికి పోయాక కూడా అని నాకు తోచలేదు. ఆయన ఇంకొక్క మాట అని ఉంటే బాగుండేదేమో. అవసరం లేదనుకున్నాడు పాపం, నా మీద అంత నమ్మకం.

ఆ శనివారం చిన్నబాపు స్నేహితులు ఇద్దరు మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని వేట మాటలు మొదలుపెట్టారు. మా చిన్నబాపుకు చెవులపిల్లి కూరంటే ప్రాణం. ఆయనకు కుక్కలంటే పడదు, నమ్మకమంతా వల మీదే. జంతువు నడిచే దారికి అడ్డంగా వల కట్టి, ఇటు నుంచి డబ్బా కొడుతూ తరిమితే చాలు. ఆ ఏడు ఎక్కడా జాడే దొరకడం లేదని విసుక్కుంటున్నాడు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చి గడప తట్టుకుని ఒలకబోశాను. ఇంకేముంది, గుడ్డికొంగ వచ్చిందిరా, కాళ్ళు జాగ్రత్త అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. మీ ఎవరికీ కనబడనిది నాకు కనబడుతుంది అన్నాను. మంచు మీద జాడలు కనబడతాయన్నాను. నమ్మకపోతే పడావు చెలకలో చెవులపిల్లి రోజూ నడిచే దారి చూపిస్తానన్నాను. నవ్వు ఆగిపోయింది. చిన్నబాపు నన్ను దగ్గరికి తీసుకుని, నిజమేనా అని అడిగాడు. నిజమేనన్నాను. రేపు ఆదివారం, పొద్దున్నే వచ్చి చూపించమన్నాడు. ఆ మాట ఎంత గౌరవంగా అడిగాడంటే, నేను ఒక పెద్దమనిషినైపోయినట్టుంది. ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది. సాయంత్రం చిన్నబాపు వల తీసి వాకిట్లో పరిచి, తెగిన కన్నులు ముడివేయడం మొదలుపెట్టాడు. ఆ కన్నుల్లో ఒకదానిలోంచి నా పిడికిలి పెట్టి చూశాను. పట్టింది. దుబ్బులోని పిడికెడంత పిల్లలు గుర్తొచ్చాయి. అప్పుడు తెలిసింది నేనేం చేశానో.

మల్గిలోకి పరిగెత్తాను. దర్జీ తాత గుండీ కుడుతున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని ఎదురు చూశాను. గుండీ కుట్టడం పూర్తి చేసి, దారం కొరికి, తల్లి చస్తే ఆ రెండు పిల్లలూ రెండో రోజుకు చస్తాయని మెల్లగా అన్నాడు. రేపు రోజూ కంటే ముందే లేవమన్నాడు. వచ్చేటప్పుడు బాపు గొంగడి తెమ్మన్నాడు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ సాయంత్రం ఒక్క సూదికీ దారం ఎక్కించలేకపోయాను.

మర్నాడు మేము చెలకకు చేరేసరికి ఇంకా మసక చీకటే. గడ్డి మీద మంచు బాగా పట్టి ఉంది, దాని మీద కచ్చాకుట్టు అప్పుడే పడి తాజాగా ఉంది. తల్లి వచ్చి పాలిచ్చి పోయినట్టుంది. దర్జీ తాత గొంగడి విప్పి ఒక కొస నాకిచ్చాడు, ఒక కొస తను పట్టుకున్నాడు. ఇద్దరం గడ్డి మీద దాన్ని ఈడ్చుకుంటూ నడిచాం. చెరుకు గట్టు నుంచి తుమ్మ చెట్టు దాకా, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి. గొంగడి పోయిన చోటల్లా తెలుపు పోయి పచ్చిగడ్డి బయటపడింది. జాడ లేదు. కానీ నీళ్ళు తాగుతున్న కొద్దీ గొంగడి బరువెక్కింది, మూడో విడతకు దాన్ని కదిలించడమే కష్టమైంది. ఆయన మోకాళ్ళు టకటకమని చప్పుడు చేయడం నాకు వినబడింది. తాతా, జాడ ఉన్నా నేను లేదని చెప్తా, ఇక వద్దు అన్నాను.

ఆయన నిలబడ్డాడు, కానీ గొంగడి వదల్లేదు.

"పెద్దోళ్ళతోని అబద్ధం ఆడుమని నేను నీకు చెప్ప బేటీ. నీ చిన్నబాపు అడుగుతడు. నీకు ఏది కనబడితె గదే చెప్పాలె. గందుకే గింత కష్టం," అన్నాడు.

మళ్ళీ ఈడ్చాం. మా చిన్నబాపుకు ఈ సంగతి తెలిసి కోపం వస్తే మల్గి ఖాళీ చేయమని ఆ ముసలాయనతో అనగలడు. ఆ భయం నాకు అప్పుడు తోచలేదు, చిన్నపిల్లను. ఆయనకు తోచకుండా ఎట్లా ఉంటుంది? పని అయ్యాక ఆయన కాలువ నీళ్ళతో కాళ్ళు చేతులు కడుక్కుని, గట్టు మీద తువ్వాల పరచుకుని నమాజు చేసుకున్నాడు. నేను చెలక అంచున నిలబడి చిన్నబాపు కోసం ఎదురు చూశాను.

వాళ్ళు ముగ్గురూ వచ్చేసరికి మంచు పలచబడుతోంది. ఒకరి భుజం మీద వల, ఒకరి చేతిలో డబ్బా. చిన్నబాపు ముందు నడుస్తున్నాడు.

"ఏదే, చూపియ్యి," అన్నాడు.

నేను గడ్డి వైపు చూశాను. నిజంగానే చూశాను, దొంగచూపు కాదు. తడి గడ్డి తప్ప ఏమీ లేదు.

"కనబడతలేదు చిన్నబాపు."

"నిన్న కనబడుతది అంటివి గదనే?"

"నిన్న కనబడ్డది. ఇయ్యాల కనబడతలేదు."

స్నేహితుల్లో ఒకాయన పకపకా నవ్వాడు. ఇంకొకాయన, వచ్చిందెట్లాగూ వచ్చాం, ఒకసారి డబ్బా కొట్టి చూద్దామన్నాడు. చిన్నబాపు చెలక చూశాడు. గట్టు మీద మడిచిన గొంగడి పక్కన కూర్చుని ఉన్న దర్జీ తాతను చూశాడు. నన్ను చూశాడు. తర్వాత గట్టిగా నవ్వాడు.

"గుడ్డికొంగ మాట నమ్మి పొద్దుగాల లేస్తిమి, మనకే బుద్ధి లేదు. డబ్బా లేదు గిబ్బా లేదు, నడువుండ్రి, చాయ్ తాగుదాం."

వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ కథ ఆ పూటకే గల్లీ అంతా తిరిగింది. సోమవారం బడిలో కూడా గుడ్డికొంగ అన్నారు. కనబడుతుంది, నాకే కనబడుతుంది అని అరవాలని నాలుక కొస దాకా వచ్చేది. పళ్ళ బిగువున ఆపుకున్నాను. అంతకు ముందు ఏ పనీ నాకు అంత కష్టంగా అనిపించలేదు. ఆ సాయంత్రం మల్గిలో కూర్చుని గొంగడికి అంటుకున్న గడ్డి ముళ్ళు ఏరుతున్నాం. ఆయన సూది మొనతో లాగుతున్నాడు, నేను గోళ్ళతో.

"నాకు కనబడుతదని ఎవ్వరికీ తెల్వదు గద తాతా," అన్నాను. అన్నాక ఏడుపు ఆగలేదు.

"నాకు తెల్సు గద బేటీ," అన్నాడు. ముళ్ళు ఏరుతూనే ఉన్నాడు.

మూడో రోజు వెళ్ళి చూస్తే దుబ్బు దగ్గర గిన్నె ఖాళీగా ఉంది. తల్లి పిల్లల్ని మార్చుకుంది. వారం తర్వాత కాలువకు అవతల, వరి మడి గట్టు మీద నాకు ఒక కచ్చాకుట్టు కనబడింది. నేను దర్జీ తాతకు కూడా చెప్పలేదు. ఆయన తల ఎత్తి ఆకాశంలో పోతున్న కొంగలను చూస్తూ నడిచాడు. నేను ఎందుకు ఆగానని అడగలేదు.

ఆ నలభై రోజులు అయిపోయాయి, చెరుకు కోతలు అయిపోయాయి. కొన్నేళ్ళకు దర్జీ తాత పోయాడు. మల్గి ఆయన చివరి దాకా ఆయన చేతిలోనే ఉంది. అందుకు నేను ఆశ్చర్యపడాల్సింది, కానీ మా ఉపాయం ఎవరికీ దొరకలేదన్న గర్వంలోనే పెరిగి పెద్దదాన్నయ్యాను.

ఆ గర్వం దిగింది చిన్నబాపు ముసలితనంలో. కంట్లో శుక్లం తీయించుకుని మా ఇంట్లో ఉన్నాడు. నేను కంటి చుక్కలు వేస్తున్నాను. ఇప్పుడు ఎవరు గుడ్డికొంగ అని ఏడిపించాను. ఆయన కళ్ళు మూసుకునే ఉండి, పడావు చెలక సంగతి ఎత్తాడు.

"చుట్టూత గడ్డంత తెల్లగ ఉండె. నడుమ గొంగడంత వెడల్పున నల్లగ ఉండె. నీ లంగ మోకాళ్ళ దాక తడిసి ఉండె. నేను గుడ్డోన్ననుకున్నవానే?"

నా చేతిలో సీసా అట్లాగే ఆగిపోయింది. ఎంత తెలివితక్కువ ఉపాయం! తెల్లటి చెలక మధ్యలో నల్లటి పట్టీ వేసి, ఎవరికీ కనబడదనుకున్నాం. మరి అప్పుడు ఎందుకు అడగలేదని అన్నాను.

"ఏమని అడుగాలె? నీ మొకం సూసిన. చలిల వణుక్కుంట కూసున్న ఆ ముసలాయన మొకం సూసిన. కూరదేమున్నది, ఇంకోనాడు తింటం," అన్నాడు. రెండో కంట్లో చుక్కలు వేయమన్నాడు.

దర్జీ తాతకు కూడా తెలిసే ఉండాలి, తుడిచిన మేర కనబడుతుందని. ఆయన నా కోసం తుడిచాడు, చిన్నబాపు కళ్ళ కోసం కాదు. చిన్నబాపు నవ్వింది కూడా నా మీద కాదు.

మా ఇంట్లో ఇప్పుడు ఏదైనా పగిలితే, ఎవరు పగలగొట్టారని నేను అడగను. చీపురు తెచ్చి ఊడ్చేస్తాను. కుర్చీ వెనక చిన్న పాదాలు కనబడుతూనే ఉంటాయి. నానమ్మకు ఏమీ కనబడదురా అని మనవలు గుసగుసలాడుకుంటారు. నేను అద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటాను.